పడవ పొగమంచులోకి వెళ్లాక

మా ఆవిడ చివరి రెండు నెలలూ నా మొహం కన్నా ఆ పుస్తకాన్నే ఎక్కువ చూసింది. కొరియా వాళ్ల నవల, తెలుగు అనువాదం, ఎనిమిది వందల పేజీలు. ఏడు రాజ్యాలు, ఒక యుద్ధం, మాట్లాడే నది. దాని బైండింగు నాదే. అయినా ఆ పుస్తకాన్ని నేను క్షమించలేదు.

ఆమె పోయిన మూడో నెలలో మరదలు వచ్చింది.

"బావా, అక్క పుస్తకం ఇస్తావా? చదువుకుంటాను."

ఇవ్వబుద్ధి కాలేదు. "నాలుగు రోజులాగి రా" అన్నాను.

"ఎందుకు, నువ్వు చదువుతావా ఏంటి? అట్ట దాటి ఎప్పుడైనా లోపలికి వెళ్లావా?"

రోషం వచ్చింది. తప్పులు పట్టడానికే మొదలుపెట్టాను.

ఆ పేర్లకు నోరు తిరగడానికే ఒక పూట పట్టింది. తర్వాత అన్నం చల్లారిపోయింది, జిగురు గిన్నెలోనే గడ్డకట్టింది, నేను లేవలేదు. రెండు సైన్యాలనూ నది దాటించే ముసలామె ఒకతె ఉంది అందులో. అబద్ధమాడేవాణ్ణి పడవ ఎక్కనివ్వదు, రాజైనా సరే. ఒక సేనాపతిని ఆవిడ తిట్టిన తిట్టు అచ్చం మా అత్తగారిది. ఎక్కడి కొరియా, ఎక్కడి మా అత్తగారు! అనువదించినవాడెవడో గట్టివాడు. రాసినవాడు ఇంకా గట్టివాడు. ఎప్పుడో వంద పేజీల వెనక ఊరికే పడేసిన చిన్న గంట, యుద్ధం మధ్యలో మోగేసరికి నా ఒళ్లు జలదరించింది. నలభై ఏళ్లలో అంత గట్టి కుట్టు నేను ఒక్కటీ వేయలేదు.

శత్రురాజు కూతుర్ని ఎక్కించుకుని ముసలామె పడవను పొగమంచులోకి నడిపింది. పేజీ తిప్పాను. చదివేసినదే మళ్లీ వచ్చింది.

పదహారు పేజీల మడతను మేం ఫారం అంటాం. కుట్టే ముందు ఫారాలన్నీ వరసలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. నేను ఒకే ఫారాన్ని రెండుసార్లు పెట్టి, తర్వాతది వదిలేశాను.

అప్పట్లో మంచం మీంచి మా ఆవిడ చెప్పింది కూడా. "ఏమండీ, ఇక్కడ పేజీలు లేవు. పడవ ఒడ్డు చేరిందో లేదో తెలియట్లేదు."

"నేను కుట్టినదాంట్లో పేజీలు పోవు. కళ్లజోడు మార్చుకో" అని అరిచాను, మామూలుగా అంటే ఆమెకు వినబడదు. లేచి చూడలేదు.

మిగిలిపోయిన ఫారాలు నేను కుట్టే బల్ల కింద కట్టలో పడుంటాయి. వెతికితే దొరికింది. ఆమె మంచానికి నాలుగడుగుల దూరం.

అన్నట్టే నాలుగో రోజున మరదలు వచ్చింది. ఆ ఫారం చూపించాను.

"ఇదా! అక్క తనే ఒకటి కల్పించుకుంది బావా. పడవ మునిగిపోయిందట, ముసలామె ఆ పిల్లను వీపున వేసుకుని ఈదిందట."

"మునగలేదు. అంతకన్నా గొప్పగా ఉంది."

"ఏమైందేం?"

"కూర్చో. విను."

బడిలో పంతులుగారి ముందు చదివినట్టు నిలబడి, పదహారు పేజీలూ బిగ్గరగా చదివాను.

"మెల్లగా బావా, నాకేమన్నా చెవుడా?" అంది మధ్యలో.

నేను గొంతు తగ్గించలేదు. చెవుడు వాళ్లక్కకు.