కోసిన కమ్మీలు

అనంతపురంలో పుల్లన్న ఉండే కాలనీకి ఎవరైనా కొత్తగా వస్తే, ఇళ్ళన్నీ సగంలో ఆగిపోయాయని అనుకుంటారు. ప్రతి మిద్దె మీదా మూలమూలకీ ఇనుప కమ్మీలు ఆకాశంలోకి నిక్కి ఉంటాయి. ఆగిపోయినవేమీ కావు. దేవుడు మేలు చేస్తే రేపు పై మిద్దె వేసుకోవాలి గదా, అప్పుడు స్తంభాలు లేపడానికని వదిలిన కమ్మీలవి. దేవుడు మేలు చేసేదాకా వాటికి తాడు కట్టి బట్టలు ఆరేసుకుంటారు. తుప్పు పట్టకుండా కొందరు సిమెంటు పాలు పూస్తారు, కొందరు పాత కుండలు బోర్లిస్తారు. పిల్లను చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా ముందు తలెత్తి కమ్మీలు చూసి, ఆ తరవాతే తల దించి పిల్లను చూస్తారు.

పుల్లన్న కమ్మీలు అందరివాటికన్నా పొడుగు. అవి ఆయన ఒక్కగానొక్క కూతురు నందిని కోసం వదిలినవి. నందిని ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. మొగుడు చైతన్యతో ఊరి ఆ చివర ఒక ఇరుకు వాటాలో బాడుగకుంటుంది. "మీరు పైన, మేము కింద. మిద్దె నేనేసిస్తా" అని పెళ్ళినాడే పుల్లన్న మాటిచ్చాడు. ఇచ్చి చాలాకాలమైంది. నందిని ఎప్పుడొచ్చినా ముందు మిద్దె ఎక్కి, వంటిల్లు ఎటు రావాలో, కిటికీ ఎటు పెట్టాలో గాలిలో చెయ్యి తిప్పి చూపించి, ఆ తరవాత కిందికి దిగి అమ్మను పలకరిస్తుంది.

పుల్లన్నది కళ్యాణదుర్గం పక్క పల్లె. తాతల కాలం నుంచీ శనక్కాయ వేసిన కుటుంబం. చేనులో బోరు వేస్తే నీళ్ళు పడ్డాయి. అది చూసి పక్కచేను గోవిందప్ప ఇంకా లోతుకు వేశాడు, పుల్లన్న బోరు ఎండింది. పుల్లన్న అంతకన్నా లోతుకు వేశాడు, గోవిందప్పది ఎండింది. ఇట్లా పంతానికి పోయి పాతాళం దాకా తవ్వుకుని, చివరికి ఇద్దరూ సమానంగా మునిగారు. నీళ్ళు లేనిచోట మునగడం మా జిల్లావాళ్ళకే చేతనవుతుంది. చేను అమ్మేసి టౌనుకొచ్చి ఇల్లు కట్టుకుంటే, పెరట్లో వేసిన బోరుకు మొదటి దెబ్బకే గంగమ్మ పలికింది. ఆయన భార్య లక్ష్మీదేవమ్మ శుక్రవారం శుక్రవారం ఆ బోరుకు పసుపు కుంకుమ పెడుతుంది. పుల్లన్న పూజలు చెయ్యడు గానీ, పొద్దున్నే మోటారు వేసి బక్కెట్లో నీళ్ళ చప్పుడు వినందే కాఫీ ముట్టడు.

రెండువేల అయిదులో కాబోలు, ఊరి ప్లాను మారుస్తున్నారని కబురొచ్చింది. అంతదాకా ఆ కాలనీలో కింద ఒకటి, పైన ఒకటి, అంతే. ఇకమీదట పైన నాలుగు వేసుకోవచ్చునట. రోడ్డు వారగా అంగళ్ళు పెట్టుకోవచ్చునట. ముందు కాలనీవాళ్ళ అభిప్రాయం వినడానికి ఆఫీసరు స్వయంగా వస్తాడట.

గోడ అవతలి ఇల్లు రామకృష్ణయ్య శెట్టిది. పాతూరులో బట్టల అంగడి. మాట తక్కువ, లెక్క ఎక్కువ మనిషి. ఆయన ఏమీ అనలేదు గానీ ఆయన భార్య వరలక్ష్మమ్మ గోడ మీద చెయ్యేసి లక్ష్మీదేవమ్మతో అంది: "మావాళ్ళు ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు లేపుతారంట వదినా. బోరు వెయ్యి అడుగులు ఏపిస్తారంట."

భార్య ఆ మాట మోసుకొచ్చి చెప్పేసరికి పుల్లన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయనకు గోడ అవతల రామకృష్ణయ్య కనపడలేదు, గోవిందప్ప కనపడ్డాడు.

"నా బోరు మూడొందల అడుగులు," అన్నాడు. "శెట్టి వెయ్యి అడుగులేస్తే నా బోరులోకి గాలి తప్ప ఇంగేం రాదు."

మరునాటి నుంచి కాలనీ అంతా తిరిగాడు. ఆశ్చర్యం, ఎవరూ కాదనలేదు. రిటైరైన బడి అయ్యవారు హనుమంతప్ప, పక్కన మిద్దెలు లేస్తే గాలి రాదన్నాడు. కరెంటాఫీసు రంగన్న, పైనుంచి చూస్తే తమ పెరటి స్నానాలగది కనపడుతుంది, ఇంటి పరువేం కావాలన్నాడు. మూలింటి నాగలక్ష్మమ్మ, జనం పెరిగితే దోమలు పెరుగుతాయంది. దోమలకూ ప్లానుకూ ఏం సంబంధమో ఎవరూ అడగలేదు, ఆమె గొంతు అట్లాంటిది. మొత్తానికి పై మిద్దెలు వద్దన్నది కాలనీ ఏకగ్రీవ అభిప్రాయం. ఎవరి పై మిద్దెలు అన్నది మాత్రం ఎవరి నోటా రాలేదు.

మీటింగు పెట్టడానికి చోటు లేదు. పుల్లన్న మిద్దె విశాలం, అక్కడే అన్నారు. ఎండ మండిపోతోంది, షామియానా తెచ్చారు. గుంజలు పాతడానికి మిద్దె మీద మట్టి ఎక్కడిది? కమ్మీలున్నాయి గదా, వాటికే కట్టారు. చక్కగా అమరింది. ఇంతమందిలో ఒక్కడికైనా బుద్ధి పుట్టి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఆఫీసరు వచ్చాడు. మర్యాదస్తుడు. లక్ష్మీదేవమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, అందరూ చెప్పింది ఓపిగ్గా విన్నాడు. గాలి విన్నాడు, పరువు విన్నాడు, దోమలు విన్నాడు. పుల్లన్న లేచి తన చేను కథ, గోవిందప్ప కథ, బోర్ల కథ చెప్పాడు. ఆఫీసరు కదిలిపోయినట్టే కనపడ్డాడు. మొహం తుడుచుకుని గాలి కోసం తల పైకెత్తాడు. షామియానా తాళ్ళను చూశాడు. తాళ్ళు కట్టిన కమ్మీలను చూశాడు. లేచి నిలబడి చుట్టుపక్కల మిద్దెలన్నీ ఒక చుట్టు చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

"అందరూ పై అంతస్తులు వద్దంటున్నారు. మరి ఈ కమ్మీలన్నీ ఎందుకండీ?" అన్నాడు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

హనుమంతప్ప తన చెప్పులు చూసుకున్నాడు. అప్పుడు రామకృష్ణయ్య మొదటిసారి నోరు విప్పాడు.

"సార్, నేను కట్టుకుంటానంటాండా, కమ్మీలు పెట్టుకున్నా. వీళ్ళు కట్టొద్దంటాండారు, వీళ్ళూ పెట్టుకున్నారు. పుల్లన్నవైతే నావాటికన్నా పొడుగు. తేడా ఏముందో మీరే చూడండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. పుల్లన్నకు నెత్తురు తలకెక్కింది. ఒక మనిషిని సొంత మిద్దె మీద నిలబెట్టి, వాడి ఇంటి మజ్జిగ తాగి, అబద్ధాలకోరును చేస్తే ఆ మిద్దె మీదే సమాధానం చెప్పాలి. ఆ గడ్డ మీద పుట్టినవాడికి వేరే దారి తెలియదు.

"రేపు పొద్దు మునిగేలోపల నా మిద్దె మింద కమ్మీ నిలబడి ఉంటే నన్ను పుల్లన్నా అని పిలవొద్దండి!" అన్నాడు.

"నేను అట్లా అడగలేదండీ," అన్నాడు ఆఫీసరు కంగారుగా. "అలాంటి రూలేమీ లేదు."

రూలు ఎవరిక్కావాలి? "మావీ తీసేస్తాం!" అని రంగన్న అరిచాడు. "మావీ!" అని తక్కినవాళ్ళూ అరిచారు. లక్ష్మీదేవమ్మ మాత్రం మజ్జిగ గ్లాసులు ఏరుకుంటూ మొగుడి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు జవాబు చెప్పే మొగాడు జిల్లాలో లేడు.

తెల్లారి బేల్దారి ఎర్రన్న రంపం పట్టుకుని వచ్చాడు. ఆ కాలనీలో సగం ఇళ్ళు అతని చేతిమీదే లేచాయి. మిద్దె మీద అటూ ఇటూ నడిచి, గొంతు తగ్గించి అన్నాడు: "ఒంచుదాం అన్నా. ఒంచినేవి మళ్ళా నిలబెట్టుకోవచ్చు. కోస్తే కోసినట్లే."

"నేను ఒంచుతానని చెప్పలేదప్పా. కొయ్యి."

ఎర్రన్న కోస్తుండగానే, బడికి పోయే దారిలో నందిని వచ్చింది. రంపం చప్పుడు వీధి మొదట్లోనే విని ఉంటుంది, మెట్లు పరిగెత్తి ఎక్కింది. వంటిల్లు రావలసిన మూలలో కమ్మీలు అప్పటికే కిందపడి ఉన్నాయి.

"అవి నాయి నాయనా," అంది.

పుల్లన్న ఆమె మొహం చూడలేకపోయాడు. "నీళ్ళే లేకపోతే మిద్దె ఏం చేసుకుంటావు తల్లీ. బోరు నిలబడితే..." అని ఆగిపోయాడు. బోరు నిలబడితే ఏమిటో, కమ్మీలు కోశాక పై మిద్దె ఎట్లా వస్తుందో, ఆయన అంతదాకా ఆలోచించలేదు. నందిని బడికి వేళైందని వెళ్ళిపోయింది. ఆ తరవాత వచ్చినా కిందే కూర్చుని పోయేది, మిద్దె ఎక్కడం మానేసింది.

ఎర్రన్నకు ఆరోజు చేతినిండా పని. కాలనీలో ప్రతి ఇంటివాళ్ళూ పిలిచారు. ప్రతి ఇంట్లోనూ "ఒంచుదామా, కోద్దామా" అని అడిగాడు. సాయంత్రానికి కాలనీ కమ్మీలన్నీ బుద్ధిగా తల వంచుకుని ఉన్నాయి. రామకృష్ణయ్య మాత్రం తనవి ముట్టుకోనివ్వలేదు. ఆయన కట్టుకుంటానన్నాడు, కమ్మీలు పెట్టుకున్నాడు. ఆ కాలనీలో అన్నమాట మీద నిలబడినవాళ్ళు ఇద్దరే, మధ్యలో ఒక గోడ.

ప్లాను మారింది. మారదని పుల్లన్న ఒక్కడే నమ్మాడు. ఎర్రన్నను మళ్ళీ ఇంటింటికీ పిలిచారు, ఈసారి కమ్మీలు నిలబెట్టడానికి. హనుమంతప్ప మిద్దె మీద మిద్దె లేచింది. పుల్లన్న దారిలో ఆపి అడిగాడు: "ఏం సామీ, గాలి రాదంటివే?"

"గాలి సంగతి నిజమే పుల్లన్నా. కింద ఉండేవాళ్ళకి రాదు," అన్నాడు హనుమంతప్ప. "మేము పైకి మారినాం."

రామకృష్ణయ్య ఇల్లు పడగొట్టాడు. బోరు బండి వచ్చి పగలంతా భూమిని తొలిచింది. తెల్లటి రాతిపొడి గోడ దాటి వచ్చి లక్ష్మీదేవమ్మ తులసి మీద, పసుపు పూసిన బోరు మీద పేరుకుంది. నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. వరలక్ష్మమ్మ లడ్లు పంపించింది. మర్యాదకు లోటు లేని ఇల్లు అది. అపార్ట్‌మెంటు లేచి జనం చేరిన మొదటి ఎండాకాలానికే పుల్లన్న బోరు దగ్గింది. దగ్గి దగ్గి, కాసింత బురద కక్కి, ఊరుకుంది.

ఎర్రన్న మంచివాడు, తనంతట తనే వచ్చాడు. "స్తంభం తల పగలగొడితే లోపల కమ్మీ దొరుకుతాది అన్నా. దానికి కొత్తది అతికిస్తాం. పాపకి పై మిద్దె ఏసేయొచ్చు. నీళ్ళు ఎట్లాగూ పోయినాయి."

"నలుగుర్లో అన్నమాట ఎర్రన్నా. అది అతకదు."

లక్ష్మీదేవమ్మ లోపలి నుంచి వచ్చింది. "నీ మాట మింద ఇల్లు కట్టుకుంటాదా నా బిడ్డ?" అంది. పుల్లన్న తువ్వాలు భుజానేసుకుని వీధిలోకి పోయాడు. కోపంతో కాదు. ఆమె చెప్పింది నిజమని తెలిసి, సిగ్గుతో.

ఆ ఏడే నందిని, చైతన్య రామకృష్ణయ్య అపార్ట్‌మెంటులో మూడో అంతస్తుకు బాడుగకొచ్చారు. నాయనను అడగలేదు, వచ్చాక చెప్పింది: "బాడుగ యాడైనా కట్టాల్సిందే గదా నాయనా. ఈడైతే అమ్మకి దగ్గర." ఆమె వంటింటి కిటికీ సరిగ్గా పుల్లన్న మిద్దె మీదికి తెరుచుకుంటుంది. లక్ష్మీదేవమ్మకు ప్రాణం లేచొచ్చింది. మిద్దె మీద పెద్ద డ్రమ్ము పెట్టించి, పొద్దున్నే నిలబడి కేక వేసేది. పైనుంచి నందిని కొళాయికి పైపు తగిలించి కిందికి వదిలేది. డ్రమ్ము నిండేదాకా తల్లీ కూతుళ్ళు పైకీ కిందికీ కబుర్లు చెప్పుకునేవాళ్ళు. పుల్లన్న ఆ వేళకు వీధిలోకి పోయేవాడు. శెట్టి బోరు నీళ్ళు కూతురి చేత అడిగించుకోవడం ఆయన చూడలేడు.

ఒకసారి లక్ష్మీదేవమ్మ మడకశిరలో చెల్లెలి ఇంటికి పోయింది. ఇంట్లో తాగడానికి కూడా నీళ్ళు లేవు. పుల్లన్న చాలాసేపు ఓర్చుకుని, చివరికి మిద్దె ఎక్కాడు. కేక వేద్దామని నోరు తెరిచాడు, రాలేదు. పేరు పెట్టి పిలిచి ఎంతకాలమైందో. డ్రమ్ము పక్కన ఊరికే నిలబడ్డాడు.

కిటికీ తెరుచుకుంది. పైపు కిందికి జారింది. పుల్లన్న కొస పట్టుకుని డ్రమ్ములో పెట్టాడు. నీళ్ళు పడ్డాయి.

"కాఫీ తాగినావా నాయనా?"

"తాగల్యా."

"అన్నం?"

"రాత్రిది ఉండాది."

కాసేపు నీళ్ళ చప్పుడే. తరవాత నందిని ఈ ఇంటి వంటిల్లు ఇరుకని, గాలి మాత్రం బాగా వస్తుందని, బడిలో పిల్లలు మాట వినరని చెప్పసాగింది. పుల్లన్న తలెత్తి వింటూ ఉన్నాడు. మెడ నొప్పి పుట్టింది, అయినా దించలేదు. డ్రమ్ము నిండింది. నీళ్ళు అంచు దాటి, మిద్దె మీద పారి, ఆయన పాదాలు తడిపాయి.

"నిండిందా నాయనా?" అని పైనుంచి అడిగింది.

పుట్టి బుద్ధెరిగాక పుల్లన్న చుక్క నీళ్ళు వృథా చేసి ఎరగడు, అబద్ధమాడి ఎరగడు.

"ఇంగా ల్యాదు తల్లీ," అన్నాడు.

పైనుంచి చూసేవాళ్ళకు డ్రమ్ము స్పష్టంగా కనపడుతుంది. నందిని కొళాయి కట్టేయలేదు.