మారెక్క నడుముకు మీటరు

పామిడి బజారులో శ్రీరంగప్ప నైటీల కార్ఖానా పొద్దున తొమ్మిదింటికి తెరుస్తారు. తొమ్మిదీ పదికల్లా ఐదు కుట్టుమిషన్లూ ఒక్కసారిగా మొదలవుతాయి. పదింటికి టీ వస్తుంది. పదింబావుకు మారెక్కకు ఆవిరి వస్తుంది.

టీ కాస్త ముందూ వెనకా కావచ్చు గానీ ఆవిరి మాత్రం తప్పదు. గుండెల్లో మొదలై, మెడ మీదుగా చెవుల దాకా పోయి, అక్కణ్ణుంచి భుజాల్లోకి దిగి అరచేతుల్లో ఆగుతుంది. అప్పుడు మారెక్క కుట్టు ఆపి లేచి, గోడవార బల్ల మీద నైటీ పరిచి, రెండు అరచేతులతో ఒక్కసారి రుద్దుతుంది. ముడత అన్నది మిగలదు. ఒక్క ఆవిరికి నాలుగు నైటీలు. రోజుకు పది పన్నెండు ఆవిర్లు. నలభై తొమ్మిదేళ్ళ మనిషి, ముట్లుడిగే వయసు. రెండేళ్ళుగా ఇదే వరస.

ఇందులో వింతేముందని పామిడిలో ఎవరూ అనుకోలేదు. లేసు ఉన్న నైటీల మీద మాత్రం చెయ్యి కాస్త చల్లారాక పెట్టమని పక్క మిషను మల్లీశ్వరి హెచ్చరించేది. శ్రీరంగప్ప అయితే ఉన్న రెండు ఇస్త్రీ పెట్టెల్లో ఒకటి అమ్మేశాడు. మామూలుగా నైటీకి ఇస్త్రీ కూలి రూపాయిన్నర. మారెక్కకు రూపాయే ఇచ్చేవాడు. అదేమని అడిగితే, "పెట్టె మొయ్యల్లనా, వేడెక్కేదాకా కాచుకోవల్లనా? నీకు శ్రమ యాడుండాది మారెక్కా? చెయ్యి పెడితే అయిపాయె," అనేవాడు. చెడ్డవాడు కాదు. లాభం కనిపించినప్పుడు ఎదుటి మనిషి ఆయన కంటికి ఆనడు, అంతే.

పగటి ఆవిర్లతో మారెక్కకు పేచీ లేదు. రాత్రివే ఆమె ప్రాణం తీస్తున్నాయి. లోపల పడుకుంటే దుప్పటి కమురు వాసన వేస్తోందని ఆమె పక్క బయటి బండ మీదకు మార్చుకుంది. గంటకోసారి ఒళ్ళు భగ్గుమనేది. చెమటకు చీర తడిసేది, ఆ వేడికే ఆరేది. కునుకు పట్టేలోగా మళ్ళీ మొదలు. భర్త తిప్పయ్య లోపల ఫ్యాను కింద గురక పెడుతుండేవాడు కాబట్టి ఆయనకు ఇదేమీ తెలియదు. నిద్ర లేక మారెక్క పగలు మిషను మీద తూగేది. రెండు నెలల్లో రెండుసార్లు సూది వేల్లోకి దిగింది. మూడోసారి దిగితే మిషను వేరేవాళ్ళకు ఇవ్వక తప్పదని శ్రీరంగప్ప చెప్పేశాడు. పాతికేళ్ళుగా ఆ మిషనే ఆమె అన్నం. అది పోకుండా ఉండాలంటే నిద్ర కావాలి. ఒక్క రాత్రి తెల్లవార్లూ ఒళ్ళు తెలియకుండా నిద్రపోవాలని తప్ప, మారెక్క దేవుణ్ణి ఇంకేమీ అడగడం మానేసింది.

అనంతపురంలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి చీటీ రాసిచ్చింది. రోజుకొకటి, ఆపకుండా వాడితే నిద్ర పడుతుందని చెప్పింది. ఆ మాత్రలు నెలకు పదమూడు వందల ఎనభై రూపాయలు. జనరిక్ అంగట్లో అడిగితే ఆ రకం తమ దగ్గరకు రాదన్నారు.

మారెక్క ఇస్త్రీ డబ్బులు కూడబెట్టి ఒక నెల మాత్రలు కొన్నది. మందు మంచిదే. మూడో వారానికల్లా ఒళ్ళు చల్లబడింది. ఒంటితో పాటు అరచేతులూ చల్లబడ్డాయి. ఇస్త్రీ ఆగిపోయింది, ఇస్త్రీ డబ్బులూ ఆగిపోయాయి, రెండో నెల మాత్రలకు చేతిలో ఏమీ లేదు. మాత్రలు ఆగేసరికి ఆవిరి తిరిగొచ్చింది, దాని వెంట ఇస్త్రీ, దాని వెంట డబ్బులు. గానుగెద్దులాగ ఒక ఏడాది ఇట్లా తిరిగాక, ఈ మందు వాడనప్పుడే ఈ మందు కొనగలనని ఆమెకు తెలిసివచ్చింది.

ఇక డబ్బు అడగడానికి మిగిలింది తిప్పయ్య. తిప్పయ్యకు లగేజీ ఆటో ఉంది. నైటీల మూటలు బస్టాండుకూ రైల్వేస్టేషనుకూ వేస్తాడు. కంటికి అంకె కనిపిస్తే తప్ప దేన్నీ నమ్మని మనిషి. పెట్రోలు బంకులో సున్నా చూసుకున్నదాకా పైపు పెట్టనివ్వడు. తన పెళ్ళి విందులోనే లడ్డు వంద గ్రాములు లేదని తూకం వేయించిన సంగతి మారెక్క పుట్టింట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

"నెలకు పద్నాలుగు నూర్లు మాత్రలకా?" అన్నాడు తిప్పయ్య. "మాయమ్మకు రాలేదా, మాయవ్వకు రాలేదా? వాండ్లేం మింగినారు?"

"మీయమ్మ ఆ నాలుగేండ్లు ఎవురితోనూ పలకలేదు గదా. ఏమిటికనుకున్యావు?"

"మాయమ్మ మొదట్నుంచీ అంతే. మాటలు తక్కువ." వెంటనే లెక్కలోకి దిగాడు. "సరే, ఎంత వేడి వస్తాదో చెప్పు. ఎన్ని డిగ్రీలు?"

ఎన్ని డిగ్రీలో మారెక్కకేం తెలుసు? థర్మామీటరు తెచ్చి చంకలో పెట్టుకుంటే అది టప్పున పగిలింది. తిప్పయ్య ముక్కలు ఏరి చూసి, "కంపెనీ మంచిది కాదు," అని తేల్చేశాడు.

అట్లా ఉండగా జూన్ నెలలో కరెంటాఫీసు నుంచి శశికుమార్ వచ్చాడు. కార్ఖానా బిల్లు సగానికి సగం పడిపోయింది, నైటీలు మాత్రం ఎప్పటిలాగే బయటికి పోతున్నాయి. తీగకు కొక్కెం ఏమైనా తగిలించారేమోనని మిద్దె ఎక్కి చూశాడు, గోడలు తట్టి చూశాడు. ఆయన దిగి వచ్చేసరికి మారెక్కకు ఆవిరి వచ్చింది. ఆమె లేచి నాలుగు నైటీలు ఇస్త్రీ చేసి, మడిచి, మళ్ళీ వచ్చి కూర్చుంది. శశికుమార్ పెన్ను మూత పెట్టాడు.

"ఓ, ఇదా," అన్నాడు. "సరే. వాడకం ఉన్నచోట మీటరు ఉండల్ల."

"ఆడమనిషికి మీటరేంది సార్?" అన్నాడు శ్రీరంగప్ప.

"మనిషికి కాదప్పా, వేడికి. వారం ఉంచి తీసేస్తా. ఈడ దొంగతనం లేదని నేను రాసుకోవల్ల గదా."

జీపులోంచి అరచేతంత మీటరు తెచ్చి, మల్లీశ్వరి చేత మారెక్క నడుముకు కట్టించి, ముడి మీద సీసపు సీలు వేశాడు. సీలు తెంపితే జరిమానా అని చెప్పి పోయాడు. మారెక్క దాన్ని కుచ్చిళ్ళ పక్కకు సర్దుకుని కుట్టు మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం ఇంట్లో అందరికన్నా సంతోషించింది తిప్పయ్యే. భార్య నడుముకు ఒక అంకె ఉందంటే ఆయనకు సంసారం మీద కొత్త ఆసక్తి పుట్టింది. వంగి చదివాడు. పదిహేను. పొద్దున్నే లేచి మళ్ళీ చదివాడు. ముప్పై ఎనిమిది.

"రేయంతా యాడికి పోయి ఇస్త్రీ చేసొచ్చినావే?" అన్నాడు. "ఎవురి బట్టలు? దుడ్లు యాడ?"

"యాడికీ పోలేదు. ఈడనే పండుకోనుంటి."

"పండుకోనుంటే మీటరు తిరుగుతాదా?"

"తిరుగుతాది," అన్నది మారెక్క, పొయ్యి ముట్టిస్తూ.

తిప్పయ్య నమ్మలేదు. ఆ సాయంత్రం లోడు చీటీ వెనక యాభై మూడు అని రాసిపెట్టుకున్నాడు. తెల్లారి చూస్తే డెబ్బై ఆరు. మళ్ళీ అదే ఇరవైమూడు. వేలితో మీటరును రెండుసార్లు మీటాడు. సర్కారు సీలున్న మీటరును కంపెనీ మంచిది కాదని అనడానికి నోరు రాలేదు. ఎందుకో వంగి, ఆమె పడుకున్న బండ మీద చెయ్యి పెట్టాడు. ఇంకా పొద్దు పొడవలేదు. బండ మే నెల మిట్టమధ్యాహ్నంలాగ కాలుతోంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇరవైమూడు యూనిట్లంటే మనింట్లో ఫ్యానూ టీవీ ఫ్రిజ్జూ అన్నీ కలిపి వారం," అన్నాడు మెల్లగా. "ఎన్నాళ్ళ నుంచి ఇట్లా?"

"రెండేండ్లాయె."

తిప్పయ్య చీటీ మీద ఇరవైమూడు వేశాడు. పక్కన మూడు వందల అరవై ఐదు వేశాడు. దాని పక్కన రెండు వేశాడు. గుణకారం ఆయనకు నోటిలెక్క. ఆ పూట మాత్రం సగంలో పెన్ను ఆగిపోయింది. అన్ని రాత్రులూ గోడకు ఇవతల ఫ్యాను కింద తాను ఎంత సుఖంగా పడుకున్నాడో తలుచుకుంటే సిగ్గేసింది. సిగ్గు వెంట బాధ పుట్టింది. రెండూ అలవాటు లేనివే కాబట్టి ఏం చెయ్యాలో తెలియక, నిన్ననే కడిగిన ఆటోను మళ్ళీ కడిగాడు.

"ముందే చెప్పకపోతివే," అన్నాడు చివరికి.

"చెప్తి గదా," అన్నది మారెక్క.

వారం తిరిగాక శశికుమార్ వచ్చి సీలు కోసి రీడింగ్ చూశాడు. రెండు వందల యాభై ఒకటి. కాగితం మీద దొంగతనం లేదని రాసి సంతకం పెట్టి పోయాడు. ఆ అంకె వినగానే శ్రీరంగప్ప ఆగలేకపోయాడు. తిప్పయ్య మూటలెత్తుతున్నాడు, మిషన్లు నడుస్తున్నాయి, అందరి ముందే అడిగేశాడు.

"మారెక్కా, ఇంక నైటీకి రూపాయి లెక్క వద్దు. నెలకు నాలుగు వేలిస్తా. ఆ మాత్రల జోలికి మాత్రం పోవద్దు. రెండో పెట్టె గూడా అమ్మేస్తా."

మిషన్లు ఒకటొకటిగా ఆగాయి. మారెక్క తల దించుకునే చెప్పింది.

"నాకొద్దన్నా. నాకు నిద్ర కావల్ల."

"నిద్రదేముంది, ఆదివారం పోవచ్చు. నువ్వు చెప్పప్పా తిప్పయ్యా."

మారెక్క తలెత్తి భర్త వైపు చూసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన అంకెను కాదన్నది ఆమె చూడలేదు. అదీ నాలుగు వేలు. తిప్పయ్య భుజం మీది మూట నేలకు దించాడు.

"పగటికి నాలుగు వేలు, బాగనే ఉండాది," అన్నాడు. "రాత్రి ఇరవైమూడు యూనిట్లకు ఎంతిస్తావన్నా?"

"రాత్రి మనకు ఇస్త్రీ పని లేదు కదప్పా."

"నీకు లేదు. ఆమెకుండాది. రెండేండ్లుగా నాగా లేకుండా ఉండాది." మూట మళ్ళీ ఎత్తుకున్నాడు. "ఆమె వద్దన్యాది గదా. ఇంక నన్ను అడిగేదేముంది."

అటునుంచి అటే ఇంటికి పోయి, డాక్టరమ్మ చీటీ తీసుకుని కొండప్ప మందులంగడికి వెళ్ళాడు. ఆటోకు కొత్త టైర్ల కోసం దాచిన డబ్బుతో మూడు నెలల మాత్రలు ఇమ్మన్నాడు. కొండప్ప చీటీ చూసి గొంతు తగ్గించి, మాత్రల డబ్బాలను పేపరులో చుట్టబోయాడు.

"ఏమిటికి చుట్టేది?"

"ఆడోళ్ళ మాత్రలు గదన్నా."

"మనమేమన్నా దొంగసొత్తు కొంటాండామా? ఊరికే సంచిలో వెయ్యి." తిప్పయ్య డబ్బా తిప్పి ధర మూడుసార్లు చదివాడు. "ఇంత ధర ఎవురు పెట్టినారప్పా?"

"కంపెనీ వాండ్లు."

"వాండ్లిండ్లల్లో ఆడోళ్ళు లేరా?"

కొండప్ప చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు.

మూడో వారానికి అరచేతులు చల్లబడ్డాయి. శ్రీరంగప్ప సణుక్కుంటూ ఇంకో ఇస్త్రీ పెట్టె కొన్నాడు. నిద్ర పట్టిన మనిషి చేతికి సూది దారి తప్పలేదు. రోజుకు పాతిక నైటీలు కుట్టే మారెక్క ముప్పై ఐదు కుట్టసాగింది. నాలుగో నెల మాత్రలు ఆ పది నైటీల డబ్బుతోనే వచ్చాయి.

ఒకరోజు పొద్దున ఆరింటి రైలుకు తిప్పయ్య లోడు వెయ్యాల్సి ఉంది. మారెక్క లోపల ఫ్యాను కింద, నోరు కొద్దిగా తెరుచుకుని, పక్కకు తిరిగి నిద్రపోతోంది. తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చి ఆటోలో కూర్చున్నాడు. దాని సైలెన్సరు చప్పుడుకు వీధి వీధంతా లేస్తుంది. తాళం సగం తిప్పి ఆగిపోయాడు. దిగి, భుజం ఆనించి, మూటలతో సహా బండిని నెట్టడం మొదలుపెట్టాడు.

ఎదురింటి సుబ్బన్న అరుగు మీద పళ్ళు తోముకుంటూ చూశాడు.

"ఏమప్పా, బండి చెడిపోయినాదా?" అని గట్టిగా అడిగాడు.

"మెల్లిగ మాట్లాడన్నా," అన్నాడు తిప్పయ్య రొప్పుతూ. "మారెక్క నిద్ర పోతాండాది."

అరిగి నున్నబడిన టైర్ల మీద ఆటోను వీధి మలుపు దాకా నెట్టుకుపోయి, అక్కడ స్టార్టు చేసుకున్నాడు.