కుందేలు జ్వరం

సిద్దిరాములు కాక ల్యాబ్‌లో డీప్ ఫ్రీజర్ తలుపు తెరిచి నిలబడి ఉన్నాడు. చేతిలో టిఫిన్ డబ్బా, అందులో ఐసు ముక్కలు, వాటి మధ్య వేలెడంత సీసా. నన్ను చూసి కూడా దాచలేదు.

"బక్కమ్మకు తీస్కపోతాన బిడ్డా," అన్నాడు.

బక్కమ్మ ఆయన భార్య. నోట్లో పుండు మానకపోతే దవాఖానలో ముక్క తీసి చూసి క్యాన్సర్ అన్నారు. హైదరాబాద్ పోయి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించమన్నారు. కరెంటు పెట్టించుకున్నవాళ్లు ఇల్లు చేరరని వాళ్ల వాడలో అందరిదీ ఒకే మాట. అందుకని ఆమె కదలనంది.

సీసాలో ఉన్నది ఇంటర్‌ఫెరాన్. మనిషి ఒంట్లో పుట్టే ప్రోటీను. దాని జన్యువును బ్యాక్టీరియాలోకి ఎక్కించి, బ్యాక్టీరియా చేతనే దాన్ని తయారు చేయిస్తారు. నేను పరిశోధన చేస్తున్న ల్యాబ్ పెద్ద, మా కిషన్ రావు సార్ ఎంతో కాలం ఉత్తరాలు రాసి, విదేశం నుంచి రెండు సీసాలు తెప్పించారు. అవి వచ్చిన రోజు ఫ్రీజర్‌కు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టించారు. కొట్టింది అటెండర్ సిద్దిరాములు కాకే. "దీంతో క్యాన్సర్ కూడా తగ్గుతుందని పేపర్లు రాస్తున్నాయి" అంటూ సార్ కొబ్బరి ముక్కలు పంచారు. ఈ సీసాలు గాజు పాత్రల్లో పెంచే కణాల మీద పరీక్షలకే తప్ప మనిషికి ఎక్కించడానికి కాదన్న మాట ఆ సంబరంలో ఆయన ఎవరికీ చెప్పలేదు.

కాక సీసా తీసిన రోజు సార్ ఊళ్లో లేరు.

"కాకా, అది సూదిమందు కాదు," అన్నాను.

"సార్ అబద్ధం చెప్పిండా?"

"చెప్పలె. మనిషికిచ్చేది వేరే ఉంటది, దాన్ని మస్తు శుద్ధి చేస్తరు. దీంట్ల బ్యాక్టీరియా విషం మిగిలి ఉండొచ్చు. నెత్తుట్ల కలిస్తే పానం మీదికొస్తది."

"ఉండొచ్చా? ఉన్నదా?"

నాకు తెలియదు.

"సదువుకున్నోళ్ల ముచ్చటంత గింతే. మా వాడ కంపౌండరు సూది ఉడకబెట్టుకొని కూసున్నడు. జరుగు బిడ్డా."

తలుపుకు అడ్డం నిలబడ్డాను. ఆయన ఒక్క తోపు తోస్తే నేను ఆగలేను. వెనక వరండాలో కుందేళ్ల పంజరాల చప్పుడు వినిపించింది.

"ముందుగాల కుందేలుకు ఏసి చూద్దాం. విషముంటే దానికి జ్వరమొస్తది. పొద్దుమూకక ముందే తెలుస్తది."

"రాకపోతే సీసా ఇస్తవా?"

తల ఊపాను. ఏం ఒప్పుకున్నానో ఆ తరువాతే తెలిసింది. కుందేలుకు జ్వరం రానంత మాత్రాన అది బక్కమ్మకు మందైపోదు. కానీ ఆ మాట ఇక ఆయన వినడు.

ఫ్రీజర్‌లో మిగిలిన రెండో సీసా తీసి కరిగించాను.

"సార్ అడిగితే?" అన్నాడు కాక.

"నేనే చెప్త."

"తెల్లది వద్దు, మొన్ననే ఈనింది. బూడిదదాన్ని పడత." ఆయనే దాన్ని తువ్వాలలో చుట్టి ఒడిలో పెట్టుకున్నాడు. ముందు జ్వరం చూస్తే కుందేళ్లకు మామూలుగా ఉండే నూట రెండే ఉంది. చెవి నరంలోకి మందు ఎక్కించాను.

గంట తరువాత థర్మామీటరు పెట్టాను. పాదరసం ముందున్న చోటే ఉంది. కాక కుందేలును కింద దించి, టిఫిన్ డబ్బాకు మూత పెట్టి చంకన పెట్టుకుని లేచాడు.

"సూసినవా? బుద్ధిగ గడ్డి తింటాంది."

"ఇంకో గంట ఆగు కాకా."

"గా కుందేలు జ్వరంతోని పండాలెనని మొక్కుతానవా ఏంది?"

"మొక్కుతాన."

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నాడు. డబ్బాను చంకలోంచి తీయకుండానే గోడకానుకుని కూర్చున్నాడు. నేను కుందేలు మీద నుంచి చూపు తిప్పలేదు. అది గడ్డిపోచ నములుతూనే ఉంది. మీసాలు కదులుతున్నాయి. చెవులు నిటారుగా ఉన్నాయి. డబ్బాలో ఐసు కరిగి అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"మ్యాత ముడ్తలేదు," అన్నాడు కాక ఉన్నట్టుండి.

నిజమే. పోచ నోట్లోంచి జారింది. చెవులు వీపు మీదికి వాలాయి. కాసేపటికి వణుకు మొదలైంది. థర్మామీటరు తీసి చూడబోతే ఆయనే నా చేతిలోంచి తీసుకుని, కిటికీ దగ్గర వెలుగుకు తిప్పి తిప్పి చూశాడు. రోజూ వాటికి జ్వరాలు చూసే మనిషి, తప్పు చదవడు.

"నూట నాలుగు దాటింది."

టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టాడు. మూత మీద చెయ్యి మాత్రం తీయలేదు.

"ఇంత బలిసినదానికే గిట్లైతే... బక్కమ్మ గంజి మీద బతుకుతాంది."

ఆయన చెయ్యి తీసేదాకా ఆగి, సీసాను మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టాను.

"హైదరాబాద్ బండి పొద్దుగాల ఎప్పుడున్నది?"

చెప్పాను.

"కరెంటు పెడితే బతుకుతదా?"

"తెల్వదు కాకా. చానమంది బతికిన్రని పుస్తకాలల్ల ఉన్నది."

కుందేలును ఎత్తి నా ఒడిలోకి దించాడు. తువ్వాల తడిపి దాని చెవుల మీద పరిచాడు.

"ఒప్పుకోదు," అన్నాడు, చెప్పులేసుకుంటూ. "ఎట్లనన్న తీస్కపోవాలె."