ముప్పై సీసాలు

మందుసీసాల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ డేగకన్ను అనేవాళ్లు. పేరు ఊరికే రాలేదు. సీసాని దీపం ముందు ఒక్క తిప్పు తిప్పి, మెడ దగ్గర పగులుందో లేదో చెప్పేసేవాడు. ఆయన తీసేసిన సీసాని మళ్లీ చూడాలన్న ఆలోచన ఇరవై ఏళ్లలో ఎవడికీ రాలేదు.

ఆ వారం మాత్రం ఇంట్లో ఆయనకి మంచినీళ్లిచ్చే దిక్కు లేదు. బావమరిది మూడో మిషను మీద పనిచేస్తున్నాడు. ఆ మిషను సీసా అనగానే బావగారి కన్ను ఇంకాస్త పదునెక్కేది. వాడివే ఎక్కువ తీసేస్తున్నాడు. శనివారంలోగా తగ్గకపోతే వాణ్ణి పంపేస్తామని మేనేజరు చెప్పేశాడు. తమ్ముడి పొట్ట కొట్టే మొగుణ్ణి ఏ ఆడది సహిస్తుంది? అయినా డేగకన్ను దిగిరాలేదు. పగులు పగులే, బావమరిదైతే ఏంటి అన్నాడు.

అప్పుడే రంగంలోకి దిగింది లెక్కలమ్మ. సరుకు బాగోగులకి కూడా లెక్కలుంటాయని ఆ ఫ్యాక్టరీలో మొదట అన్నది ఆవిడే. రోజూ గళ్లకాగితం మీద చుక్కలు పెట్టుకుంటుంటే అందరూ చాటుగా నవ్వుకునేవాళ్లు. మంగళవారం ఆయనకి ముప్పై సీసాలిచ్చి చూడమంది. ఆరు తీసేశాడు. బుధవారం మళ్లీ ముప్పై. ఏడు తీసేసి, ఇదీ ఓ పరీక్షేనా అన్నట్టు చూశాడు.

ఆవిడ సీసాలు బోర్లించింది. అడుగున సన్నటి గీతలతో అంకెలు. మెడ తప్ప అడుగు చూసే అలవాటే లేదు మహానుభావుడికి.

"అన్నగారూ, ఇవి నిన్నటి సీసాలే," అంది మెల్లగా. "నిన్నా ఇవాళా రెండుసార్లూ మీరు తీసేసిన సీసాలు రెండే. మిగతావన్నీ మారిపోయాయి."

డేగకన్ను ఒప్పుకోలేదు. అబద్ధమన్నాడు. సీసాలు కలిపేసి తనే మళ్లీ చూసుకున్నాడు. ఈసారి ఎనిమిది తీశాడు, పాతవాటిలో మూడే కలిశాయి. ఒకటి చేతిలోంచి జారి పగిలింది. ఎవరి కళ్లయినా ఇంతేనని, ఒక్క మనిషి చూపు మీద అంత భారం వెయ్యడమే తప్పని ఆవిడ చెబుతూనే ఉంది. ఆయన బుర్రకి ఒక్క ముక్కా ఎక్కలేదు.

తిన్నగా మేనేజరు గదికెళ్లి, బావమరిదిని పంపొద్దన్నాడు. మరి పగుళ్లు ఎవరివల్ల వస్తున్నాయని మేనేజరు అడిగాడు.

"నాకు తెలీదండీ. ఇరవై ఏళ్లుగా తెలీదు."

వాడి ఉద్యోగం నిలబడింది. సాయంత్రం భార్య నవ్వుతూ టీ తెచ్చిచ్చింది. ఆయన గ్లాసు ముట్టలేదు. ఏడాది కిందట అదే మూడో మిషను మీద మీసాలాయన ఉండేవాడు. ఇంకొక్కసారి చూడన్నా అని బతిమాలాడు. నా కన్ను రెండోసారి చూడదు అన్నాడు తను, నలుగురిలో, గొప్పగా. ఆ మాట మీదే మీసాలాయన్ని పంపేశారు.

చెప్పులేసుకుని మీసాలాయన ఇంటికి బయల్దేరాడు. తలుపు తీసిన మనిషి సగమై ఉన్నాడు, మీసాలు కూడా లేవు. డేగకన్ను గుమ్మంలోనే నిలబడి జరిగిందంతా చెప్పేశాడు.



"ఏడాదిగా నాకే పని చేతకాదనుకుంటున్నానన్నా," అన్నాడు మీసాలాయన.