తోక తెగిన పిన్ను

రోజంతా కటింగ్ ప్లయరు పట్టుకుని బతికే చెయ్యి కదా, ఏ వస్తువు మొండికేసినా ముందు దాని దగ్గరికే పోతుంది. మన ఎలక్ట్రీషియన్ కొంప ముంచింది ఆ అలవాటే.

ఆ రోజు అతనికి సెలవు. భార్య ఆఫీసుకు పోయింది. ఏడాది నిండీ నిండని కూతుర్ని చాప మీద వదిలి, పక్కనే గిటారు ముందేసుకుని తీగలు మారుస్తున్నాడు. గిటారు పొట్టమీద అడ్డంగా ఒక చెక్కపట్టీ ఉంటుంది. దాని కన్నాల్లో తీగల చివర్లు దూర్చి, ఊడి రాకుండా ఒక్కోదానికీ ఒక పిన్ను బిగిస్తారు. పైన గుండ్రటి తల, కింద సన్నబడుతూ పోయే తోక, అంతే ఆ పిన్ను. ఐదు బుద్ధిగా ఊడొచ్చాయి. ఆరోది బిగుసుకుపోయింది. లోపలికి చెయ్యి పెట్టి కిందనుంచి నెడితే వచ్చేసేదే. అంత ఓపిక ఎక్కడిది? ప్లయరుతో పట్టి మెలితిప్పాడు. టక్కున తల విరిగి చేతిలోకొచ్చింది, తోక కన్నంలోనే ఉండిపోయింది. దాన్ని స్క్రూడ్రైవరుతో పొడిస్తే గిటారు పొట్టలో పడి గలగలమంది. గిటారు బోర్లించి నాలుగు ఊపులు ఊపాడు. గలగల ఆగిపోయింది. లోపలే ఏ మూలనో ఇరుక్కుందిలే అనుకున్నాడు.

ఇంతలో ఎవరింట్లోనో ఫ్యాను ఆగిపోయిందని ఫోను. మాట్లాడుతూ బాల్కనీలోకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పిల్ల మొహం కందగడ్డలా చేసుకుని ఒకటే దగ్గు. పరుగున ఎత్తుకుని వీపు నిమిరాడు. కాసేపటికి దగ్గు సర్దుకుంది. ఉమ్మే గొంతుకడ్డం పడి ఉంటుందనుకున్నాడు, పాపం.

అసలు భయం షాపులో మొదలైంది. పిల్లని చంకనేసుకుని, బాగున్న పిన్నొకటీ విరిగిన తలా జేబులో వేసుకుని గిటార్లమ్మే షాపుకెళ్ళాడు. షాపాయన పెద్ద మాటకారి. ఎముకతో చేసినవి, ఇత్తడివి, నల్లచెక్కవి అన్నీ గుడ్డ మీద పరిచి, ఒక్కో రకానికీ మోత ఎలా మారుతుందో పెళ్ళిసంబంధం చెప్పినట్టు చెప్పుకొచ్చాడు. తోక లావైతే పట్టీ పగులుతుందనీ, సన్నమైతే తీగ పీకినప్పుడల్లా పిన్ను ఎగిరొస్తుందనీ, పాతదాని పక్కన పెట్టి చూపించాడు. ఇతనికి అవేం పట్టలేదు. మిగతా ఐదింటిలాంటి తెల్ల ప్లాస్టిక్కుదే ఇమ్మన్నాడు. ఎందుకంటే భార్యకి తెలియకూడదు. అతని జేబుల్లోంచి రాలే స్క్రూలూ నట్లూ పిల్ల ఎక్కడ నోట్లో పెట్టుకుంటుందోనని ఆవిడకి హడలు. ఇంటికి రాగానే భుజాన సంచైనా దించకుండా నేలంతా అరచేత్తో తడుముతుంది. ఇకమీదట చిన్న సామాను పిల్ల దగ్గర తీయనని అతను ఆవిడకి మాటిచ్చి వారం కూడా కాలేదు.

షాపాయన పిన్ను కాగితంలో చుడుతూ, విరిగిన తోకని బయటికి తీశావా అని అడిగాడు. లోపలుంటే వాయించినప్పుడల్లా బరబరమంటుందట. లోపలే ఉంది గానీ మోగట్లేదన్నాడు ఇతను.

"మోగట్లేదంటే లోపల లేదు తమ్ముడూ. ఊపినప్పుడే బయట పడుంటుంది" అని, చంకలో పిల్లకేసి చూశాడు షాపాయన. "పాప అక్కడే ఉందా అప్పుడు?"

అప్పుడు వినిపించింది అతనికి, చెవి పక్కనే, పిల్ల ఊపిరిలో సన్నటి ఈల. ఎప్పట్నుంచి వస్తోందో ఏమో.

ఇంటికెళ్ళి చాప దులిపాడు. మంచం జరిపాడు. టార్చి వేసి గిటారు పొట్టంతా వెతికాడు. తోక లేదు. భార్యకి ఫోను చేద్దామని తీసి, పెట్టేశాడు. మళ్ళీ తీశాడు. ఏమని చెప్తాడు? దొరుకుతుందిలే, ఇంకోసారి చూద్దాం అని తనని తనే బుకాయించుకుంటూ, పిల్ల ఛాతీకి చెవి ఆనించి కూర్చున్నాడు. ఈల ఆగితే భయం, వినిపిస్తే భయం.

ఆవిడ వచ్చి పిల్లనెత్తుకున్న మరుక్షణమే, ఇదేం ఊపిరి అంది. జలుబనుకుంటా అన్నాడు. ఆవిడ రెండో మాట వినకుండా ఆసుపత్రికి బయల్దేరదీసింది.

పిల్లల డాక్టరు కాస్త పెద్దావిడ. నోట్లో ఏమైనా పెట్టుకుందా అని అడిగింది. భార్య అతనికేసి చూసింది. లేదన్నట్టు తలాడించాడు. ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ ఫిల్ము వెలుతురుకి పెట్టి, ఏమీ లేదమ్మా, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి అంది. అమ్మయ్య అనుకున్నాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఒళ్ళంతా తేలికైపోయింది. పిల్ల బాగుంది, తన సంగతీ బయటపడలేదు. డాక్టరమ్మ మందులు రాస్తూ, మేకో స్క్రూవో మింగి ఉంటే ఫిల్ములో తెల్లగా కొట్టొచ్చినట్టు కనబడేదని చెప్పింది.

"ప్లాస్టిక్కయితే?" అన్నాడు.

కలం ఆగిపోయింది. "ప్లాస్టిక్కు కనబడదు. ఎందుకడుగుతున్నావ్ బాబూ?"

జేబులోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద విప్పాడు. "ఇలాంటిదే. తల నా దగ్గరుంది. తోక... తోక కనబడట్లేదు."

డాక్టరమ్మ మళ్ళీ స్టెతస్కోపు పెట్టి, కుడివైపు చాలాసేపు విని, పిల్లని ఎత్తుకుని తనే ఆపరేషన్ గదికి నడిచింది. మత్తిచ్చి గొంతులోంచి గొట్టం దింపి చూడాలంది. ఇంకాస్త లోపలికి జారితే ఊపిరి అందదంది. సంతకం పెట్టమని కాగితం అతనికిచ్చారు. భార్య దాన్ని లాక్కుని తనే పెట్టింది.

ఆ గది తలుపు బయట బల్ల మీద ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు. అతనికి గుర్తొచ్చిన దేవుళ్ళందరూ అయిపోయారు. చచ్చిపోతే నేనే చంపినట్టు, నేనే చంపినట్టు అని అదే మాట లోపల తిరుగుతోంది. లోపలినుంచి ఏ చప్పుడూ లేదు.

చాలాసేపటికి తలుపు తీసుకుని డాక్టరమ్మ వచ్చింది. ముక్క వచ్చేసింది, పిల్లకేం ఫరవాలేదు అంది. వెనకాలే బొంగురు గొంతుతో పిల్ల ఏడుపు. అతను బల్ల పట్టుకుని భోరుమన్నాడు. తడుముకుంటూ వెళ్ళి భార్య చెయ్యి పట్టుకుని, తప్పైపోయింది, తోక పడ్డం చూసుకోలేదు అన్నాడు.

ఆవిడ మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

"పడ్డం సంగతి వదిలెయ్. నా చేతిలోంచైనా పడేదే. ఫిల్ములో ఏమీ లేదని డాక్టరు అనగానే నువ్వు సంగతి దాచుకుని అమ్మయ్య అనుకున్నావు చూడు, నేను నీ మొహమే చూస్తున్నానప్పుడు."

అనేసి పిల్ల ఉన్న గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు తెరిచే ఉంది. అతను గుమ్మం బయటే నిలబడ్డాడు.