ముందు ఫొటో

బండి పక్కన దించిన మంచం మీద బాలింతకి నెత్తురు ధారకట్టి పోతుంటే, మందుల బండి సూపర్‌వైజరు జనాన్ని వరసలో నిలబెడుతున్నాడు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక.

మంత్రసాని అతని కాళ్ళావేళ్ళా పడుతోంది. కొండ మీద నలభై గడపల్లో సగంమందికి పురుడు పోసిన చేతులు ఆవిడవి. ఇవాళ కన్నకూతురి దగ్గర ఓడిపోయాయి. తెల్లారగట్ల బిడ్డ పడింది, మాయ పడలేదు. నెలకోసారి వచ్చే బండి ఇవాళే వచ్చింది కదా, ఎక్కించుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని వేడుకుంటోంది.

"ముందు ఫొటో. తర్వాతే మందులైనా, మంచమైనా," అన్నాడు. "కొత్త రూలేం కాదుగా?"

కాదు. మూడేళ్ళుగా ఇదే తంతు. డ్రైవరే తెల్లకోటు తొడుక్కుని డాక్టరయ్యేవాడు. నవ్వమంటే వీళ్ళు నవ్వేవాళ్ళు. రెండు జ్వరం బిళ్ళలు చేతిలో పడితే అదే పదివేలు. డాక్టర్ని వెయ్యండి మహాప్రభో అని మొన్న కిందికి దిగి అర్జీ పెడితే, ఆఫీసు గుమస్తా ఆ ఫొటోలే బల్ల మీద పరిచాడు. డాక్టరు వస్తున్నాడుగా, మీరే పళ్ళికిలిస్తున్నారుగా అన్నాడు. వాళ్ళ మొహాలే వాళ్ళ మీద సాక్ష్యం చెప్పాయి! అయినా బుద్ధి రాలేదు. ఎదురు తిరిగితే ఆ బిళ్ళలు కూడా పోతాయని భయం.

ఎండ కళ్ళల్లో కొడుతోందని సూపర్‌వైజరు వరసని ఇటు జరిపాడు, అటు జరిపాడు. ఆ జరపడంలోనే, మంచం దగ్గరికి తిరిగొచ్చిన మంత్రసాని చేతిలో కూతురి చెయ్యి చల్లబడిపోయింది.

సూపర్‌వైజరు తల గోక్కున్నాడు. డ్రైవరుకి సైగ చేశాడు. డ్రైవరు వచ్చి శవం నాడి పట్టుకుని కెమెరా వైపు చూశాడు.

"దుప్పటి మెడదాకా లాగు ముసలీ. నెత్తురు కనిపిస్తోంది."

మంత్రసాని లాగింది. మెడ దాటించి, మొహం మీదుగా, తలదాకా కప్పేసింది. తర్వాత కెమెరాకి వీపు తిప్పి నిలబడింది. పసిగుడ్డుని ఎత్తుకున్న అల్లుడూ తిరిగాడు. రాళ్ళు కొట్టేవాళ్ళు, కట్టెలు మోసేవాళ్ళు, ముసలీ ముతకా, అందరూ తిరిగారు. కెమెరా ముందు వీపులు తప్ప ఇంకేం లేవు.

"ఇక మందులు బంద్. చావండి," అన్నాడు సూపర్‌వైజరు.

"ఇప్పుడు చేస్తున్నదీ అదేగా బాబూ?" అన్నాడు రాళ్ళు కొట్టే ముసలాయన.

పది నిమిషాల్లో బండి ముందు బండరాళ్ళు పడ్డాయి. నిజం డాక్టరు వస్తేనే బండి కదిలేది అన్నారు. సూపర్‌వైజరు ఫోను తీశాడు. అంబులెన్సు ఎక్కడం కుదరదని ఆఫీసు రాసిచ్చిన ఆ దారిలోనే పోలీసు జీపు గంటన్నరలో ఎక్కేసింది.

లాఠీలు విరిగేదాకా కొట్టి రాళ్ళు తీయించారు. వీపులు తిప్పమన్నదెవరని ఎస్సై అడిగితే, నేనే అంది మంత్రసాని. జుట్టు పట్టుకుని జీపు దాకా ఈడ్చారు. ఆవిడ నోట్లోని నెత్తురు ఉమ్మేసి అల్లుణ్ణి పిలిచింది.

"అమ్మాయిని రేపు పూడ్చొచ్చు నాయనా. తెల్లారితే ఈ బండి పై ఊరికెళ్తుంది. దానికంటే ముందు నువ్వెళ్ళి, ఫొటోకి నిలబడొద్దని చెప్పు."

జీపు మలుపు తిరిగింది. ఊళ్ళో ఇంకో బాలింత పసిగుడ్డుని అందుకుని పాలు పట్టింది. శవం దగ్గర ఇద్దరు ముసలమ్మలు కూర్చున్నారు. మిగిలినవాళ్ళంతా, తలలు పగిలినవాళ్ళతో సహా, అల్లుడి వెంట కొండెక్కారు.