యంత్రానికి కట్టిన తెల్ల దారం

ఆదివారం పొద్దున్నే దుకాణం తెరిచి, పెద్ద యంత్రానికి నూనె పెడదామని కూర్చున్నాను. కొచ్కోర్ బజారులో ఇనుప డబ్బా దుకాణాల వరసలో మాది చివరిది. తోలు, గుడారం గుడ్డ, నైలాన్ పట్టీ కుట్టే బండ యంత్రాలు బాగుచేస్తాను, అమ్ముతాను. కొనేవాళ్లకి ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో చెప్తాను. జూరా చెయ్యి పడితే ఎంత మొండి యంత్రమైనా మాట వింటుందని జనం అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆ మాట విని విని నాకూ కాస్త తలకెక్కింది, దాచడమెందుకు.

సూది ఊడదీసి, అలవాటుగా మొనని బొటనవేలి గోటి మీద రాశాను. గోటి మీద సన్నటి గీత పడింది. ఇంకోసారి రాశాను. మళ్లీ గీతే.

తోలు సూది మొన బుల్లి కత్తిలా ఉంటుంది. తోలుని కోసుకుంటూ దిగుతుంది. పట్టీ సూది మొన గుండ్రంగా ఉంటుంది, పోగుల్ని పక్కకి జరుపుకుంటూ దిగుతుంది. తోలు సూదితో పట్టీ కుడితే ప్రతి పోటుకీ లోపల కొన్ని పోగులు తెగుతాయి. పైకి మాత్రం కుట్టు ముచ్చటగా కనిపిస్తుంది. అందుకే మా దుకాణంలో ఒక పద్ధతి పెట్టాను. తోలు సూది ఉంటే యంత్రం తలకి ఎర్ర దారం, పట్టీ సూది ఉంటే తెల్ల దారం. నా దగ్గర కుట్టుపని చేసే ఉపెల్ సూది వైపు చూడదు, దారం చూసి మొదలుపెడుతుంది. అలా నేర్పింది నేనే.

ఇప్పుడు సూది తోలుది, దారం తెల్లది.

గురువారం నరీన్ నుంచి ఒకాయన యంత్రం కొనడానికి వచ్చాడు. ఎర్ర దారం ఎందుకో నన్నడిగి, "ఇది తోలుదా అక్కా? నాకు గుడారాలు కుట్టేది కావాలి" అని మొహం చిట్లించాడు. "రెండూ కుడుతుందయ్యా" అన్నాను. సూది మార్చి, కింద దారం పట్టే కొక్కెం సరిచెయ్యాలంటే అరగంట పడుతుంది. ఈలోపు బేరం చల్లారిపోతుందని భయం. ఆయన సిగరెట్టుకి బయటికెళ్లిన సందులో దారం ఒక్కటి మార్చి, అదే సూదితో గుడ్డ కుట్టి చూపించాను. ఆయన ఆహా ఓహో అని, "ఆలోచించుకుని వస్తా" అంటూ వెళ్లాడు, మహానుభావుడు. మళ్లీ రాలేదు. ఆ చిరాకులో దారం సంగతే మరిచిపోయాను.

శుక్రవారం ఉపెల్ ఆ యంత్రం మీదే మా తమ్ముడు బకాస్ జట్టుకి ఏడు జీను పట్టీలు కుట్టింది. గుర్రం పొట్ట కిందుగా లాగి జీనుని బిగించే పట్టీలు. వాటితోనే ఈ మధ్యాహ్నం అట్‌బాషి వాళ్లతో కోక్‌బోరూ అనే గుర్రాల ఆట ఆడతారు. పరిగెత్తే గుర్రం మీంచి పక్కకి వేలాడి, నేల మీది మేక కళేబరాన్ని ఒంటిచేత్తో లేపాలి. ఆ క్షణంలో మనిషి బరువు, మేక బరువు మొత్తం ఆ పట్టీ మీదే.

ఉపెల్ అదే సూదితో కుట్టి వదిలేసిన పట్టీ ముక్క వెతికి, ఒక కొస బల్ల బిగింపులో పెట్టి, రెండో కొసకి ఇనుప కడ్డీ చుట్టి, దాని మీదికి ఎక్కాను. తపాలా బిళ్ల చించినట్టు కుట్టు వెంట చర్రున తెగింది. నేను కింద పడ్డాను.

అప్పుడే ఉపెల్ రొట్టెల సంచితో వచ్చింది. "అయ్యో, ఏంటక్కా నేలమీద?"

"శుక్రవారం ఏ సూదితో కుట్టావే?"

"తెల్ల దారం ఉందిగా..." నా చేతిలో ముక్క చూసి దాని మొహం పాలిపోయింది. "అక్కా, నేను దారం చూశానక్కా. ఒట్టు."

"తెలుసు. తప్పు నీది కాదు. దుకాణం చూసుకో."

బకాస్‌కి ఫోన్ చేస్తే వాడి పెళ్లాం ఎత్తింది. "ఫోన్ ఇంట్లోనే పెట్టి పోయాడు వదినా. ఏమన్నా విషయమా?" వెనకాల పసిది ఏడుస్తోంది. దానికింకా నలభై రోజులు నిండలేదు. చెడు మాట పైకి అంటే జరుగుతుందని మా భయం. అందులోనూ బాలింతతోనా? "ఏం లేదమ్మా, ఊరికే" అని పెట్టేశాను. తెగిన ముక్క చేత్తోనే పట్టుకుని టాక్సీ ఎక్కాను.

టాక్సీవాడు అద్దంలోంచి చూసి, "ఏం పిన్నీ, పందెం కాశావా? అంత కంగారేంటి?" అని నవ్వాడు.

"నోరు మూసుకుని తొక్కు నాయనా!"

దారి పొడుగునా మా తమ్ముడు గుర్రం మీంచి వంగడమే కళ్లకి కట్టింది. అమ్మ పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. వాడికి అన్నీ నేనే చేశాను. ఇప్పుడు వాడి ప్రాణం తీసేదీ నేనేనా?

మైదానం చేరేసరికి గుర్రాలు వరసగా నిలబడి ఉన్నాయి. జట్టు పెద్ద షర్షెన్ తాత అప్పుడే దీవెన చదివి, చివర్న రెండు చేతులూ మొహం మీదుగా దించుకుంటున్నాడు. మా ఊళ్లో దీవెన అయ్యాక జీను విప్పరు.

"తాతా, పట్టీలు మార్పించు. పాత తోలువి వెయ్యండి" అన్నాను ఆయాసపడుతూ.

"మతి పోయిందా జూరా? దీవెన అయ్యాక జీను ముట్టుకోవడమా?"

బకాస్ గుర్రం మీంచే, "అక్కా, పరువు తియ్యకు. అందరూ చూస్తున్నారు" అని పళ్లు బిగించి అన్నాడు. ఎవడో కుర్రాడు, "అక్కయ్యకి తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకోవాలనుంది!" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు.

నిజం చెప్పాల్సింది అప్పుడే. గట్టిగా, అందరూ వినేలా చెప్పాల్సింది. కానీ ఇరవై రెండేళ్ల పేరు పోతుందనిపించింది. తెగిన ముక్క తాత చేతిలో పెట్టి, ఆయన చెవిలో, "పట్టీ సరుకు మంచిది కాదు తాతా. మోసపోయాను" అన్నాను.

ఆయన ముక్క లాగి చూశాడు. ఇంకో మాట లేకుండా, "దిగండ్రా! నా మాట మీద దిగండి. మళ్లీ దీవిస్తాను" అన్నాడు. తిట్టుకుంటూ దిగారు. విప్పిన పట్టీలు నా ఒళ్లో పడుతుంటే, ఒక్కొక్కదానికీ నాకు ఊపిరి వస్తోంది. తమ్ముడి పట్టీ పడ్డప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. బయటపడ్డాను అనుకున్నాను. పేరూ పోలేదు, వాడూ దక్కాడు. సిగ్గులేకుండా సంతోషించాను.

వాళ్లు ఎక్కి మైదానంలోకి పోయాక లెక్కపెట్టాను. ఆరే ఉన్నాయి.

"తాతా, ఏడోదేది?"

"అదా? అట్‌బాషి నాయకుడు మెదెర్ పట్టీ పొద్దున తెగిపోయిందట. వచ్చిన అతిథి కదా, మిగులుగా ఉన్న కొత్తదాన్ని బకాస్ తీసి ఇచ్చాడు. మంచి పిల్లా..." అంటూనే తాత చేతిలోని ముక్క వైపు చూసి ఆగిపోయాడు.

ఈల మోగింది. మధ్యలో పడున్న మేక మీదికి రెండు గుర్రాలు దూసుకొచ్చాయి. ఒకదాని మీద మెదెర్, ఇంకోదాని మీద మా తమ్ముడు.

"పడతాడు! ఆపండి, పడతాడు!" అని అరుస్తూ కంచె దూకాను. ఎన్నడూ అనకూడని మాట అది. మెదెర్ అప్పటికే వంగాడు. జీను ఒక్కసారిగా గుర్రం పక్కకి జారి, మనిషిని మా తమ్ముడి గుర్రం కాళ్ల ముందుకి విసిరేసింది. బకాస్ కళ్లెం వెనక్కి లాగి గుర్రాన్ని నిలువునా లేపాడు. డెక్కలు మెదెర్ తలకి జానెడు దూరంలో దిగాయి.

మెదెర్ బతికాడు. చెయ్యి మాత్రం భుజం దగ్గర విరిగి వేలాడుతోంది.

అట్‌బాషి పెద్దాయన తెగిన పట్టీ ఎత్తి పట్టుకుని బకాస్ ముందుకి వచ్చాడు. "మీవన్నీ విప్పుకున్నారు, మావాడిది మాత్రం ఉంచారు. అతిథికి ఇచ్చే బహుమానం ఇదేనట్రా?"

"నాకు తెలియదు... అక్క తాతకేదో చెప్పింది... మార్చమంటే మార్చాం..." బకాస్‌కి మాట తడబడింది. షర్షెన్ తాత నా వైపు తిరిగాడు. "సరుకు చెడ్డదని తెలిస్తే ఏడూ ముందే ఎందుకు అడగలేదు జూరా?"

అందరూ మా తమ్ముణ్ణే చూస్తున్నారు. అతిథిని చంపబోయినవాడిగా చూస్తున్నారు. ఇక ఈ లోయలో వాడికి మొహమెత్తుకునే దారి ఉండదు.

"సరుకు మంచిదే" అన్నాను. "సూది తోలుది. బేరం పోతుందని దారం మార్చాను, సూది మార్చలేదు. వీడికేమీ తెలియదు. ఇందాక తాత చెవిలో చెప్పింది కూడా అబద్ధమే."

పెద్దాయన పట్టీని నా కాళ్ల దగ్గర పారేసి, మెదెర్‌ని లేపడానికి వెళ్లాడు. బకాస్ గుర్రం దిగి, నన్ను దాటుకుని పోయి, మెదెర్ రెండో చెయ్యి తన భుజం మీద వేసుకున్నాడు. నా వైపు చూడలేదు.